పూర్ణాంకం ఫ్లోట్‌గా మారే చోట: కంపైలర్లలో కచ్చితత్వం, వేగం

సీ భాషలో ఒక పూర్ణాంకాన్ని ఫ్లోట్ చలరాశిలో పెట్టడానికి సమానం గుర్తు ఒక్కటి చాలు. ప్రోగ్రాం రాసేవారు దాని గురించి రెండోసారి ఆలోచించరు. ఆలోచించాల్సింది కంపైలర్. ప్రాసెసర్‌లో ఆ మార్పిడికి సరిపడే ఇన్‌స్ట్రక్షన్ ఉంటే ఒక్క దెబ్బతో పని తీరిపోతుంది. లేకపోతే ఉన్న ఇన్‌స్ట్రక్షన్లనే పేర్చి ఫలితం రాబట్టాలి, లేదా కంపైలర్ వెంట వచ్చే సహాయక లైబ్రరీలోని రొటీన్‌ను పిలవాలి. పేర్చే పద్ధతులు చాలా ఉన్నాయి. కొన్ని చకచకా నడుస్తాయి, కానీ ఎప్పుడో ఒక సంఖ్య దగ్గర సరైన విలువకు బదులు దాని పక్క విలువను ఇస్తాయి. కొన్ని ప్రతిసారీ సరైన విలువే ఇస్తాయి, అందుకు నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు ఎక్కువ ఖర్చు చేస్తాయి. ఈ రెంటిలో దేన్ని డీఫాల్ట్‌గా పెట్టాలన్నది కంపైలర్లు రాసేవాళ్ల మధ్య తెగని చర్చ. ఇరుపక్షాల వాదనల్నీ, ఇన్నేళ్లలో పోగుపడిన పద్ధతుల్నీ ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. నా పక్షం ముందే చెబుతాను. సరైన విలువకయ్యే ఖర్చు చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. దాన్ని వదులుకుంటే వచ్చే నష్టం అనుకునేదానికన్నా ఎక్కువ.

ఇరుకు ఎక్కడ మొదలవుతుంది

ఫ్లోట్‌లో మొత్తం 32 బిట్లున్నా అంకెలు పట్టే భాగం 24 బిట్లే. 1,67,77,216 వరకు ప్రతి పూర్ణాంకమూ అందులో ఉన్నదున్నట్టు ఇముడుతుంది. ఆ వెంటనే వచ్చే 1,67,77,217కు చోటు లేదు. అక్కడి నుంచి సరి సంఖ్యలకే చోటు, ఇంకా పైకి పోతే నాలుగింటికొకటి, ఎనిమిదింటికొకటి. 64 బిట్ల డబుల్ రూపంలో అంకెల భాగం 53 బిట్లు కాబట్టి 2⁵³ దాకా, అంటే సుమారు తొమ్మిది వేల లక్షల కోట్ల దాకా ఇబ్బంది లేదు. ఈ రోజుల్లో ప్రోగ్రాముల్లో తిరిగే పూర్ణాంకాలు మాత్రం 64 బిట్లవి. 53లో 64 పట్టవు. పట్టనప్పుడు దగ్గర్లోని విలువకు రౌండ్ చేయక తప్పదు.

ఎలా రౌండ్ చేయాలన్న విషయంలో 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ఏ సందేహమూ మిగల్చలేదు. ఫలితాన్ని ముందు అనంతమైన కచ్చితత్వంతో లెక్కగట్టినట్టు భావించి, ఆ తర్వాత ఒక్కసారి మాత్రమే రౌండ్ చేయాలి. డీఫాల్ట్‌గా అతి దగ్గరి విలువకు వెళ్లాలి. సరిగ్గా మధ్యలో పడితే చివరి బిట్ సున్నాగా ఉన్న వైపు మొగ్గాలి. ఈ ప్రమాణం వెనకున్న ప్రధాన వ్యక్తి విలియం కహాన్. 1980లో వచ్చిన ఇంటెల్ 8087 గణిత చిప్ రూపకల్పనలో ఆయన చేసిన పనే ఈ ప్రమాణానికి పునాది. 1989లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కూడికలు, గుణకారాలతో పాటు పూర్ణాంకం నుంచి ఫ్లోటింగ్ పాయింట్‌కు మార్పిడి కూడా ఈ నియమం కిందికే వస్తుంది. చాలామంది మరిచిపోయే సంగతి ఇది.

గొడవంతా ఆ 'ఒక్కసారి మాత్రమే' దగ్గరే. రెండుసార్లు రౌండ్ చేస్తే ఏమవుతుందో పదో తరగతి మార్కులతో చూద్దాం. ఒక విద్యార్థి సగటు 34.46 అనుకోండి. నేరుగా పూర్ణాంకానికి రౌండ్ చేస్తే 34, అంటే తప్పినట్టు. ముందు ఒక దశాంశ స్థానానికి రౌండ్ చేసి 34.5 అని రాసుకుని, దాన్ని మళ్లీ పూర్ణాంకం చేస్తే 35, అంటే పాసైనట్టు. ఏ మెట్టు దగ్గరా లెక్క తప్పలేదు, చివరి ఫలితం మాత్రం తప్పింది. మొదటి రౌండింగ్ సంఖ్యను సరిగ్గా నడిమధ్యకు తోసింది. అసలు అది మధ్యకు ఏ వైపున ఉండేదో రెండో రౌండింగ్‌కు తెలిసే దారి లేకుండా పోయింది.

కంప్యూటర్‌లో ఇదే పని చేసే సంఖ్య ఒకటి చూపిస్తాను. 2⁵³ + 2²⁹ + 1, అంటే 9,00,71,99,79,16,11,905. ఈ పరిసరాల్లో ఫ్లోట్‌కు ఇమిడే పక్కపక్క విలువలు రెండు. కింద 9,00,71,99,25,47,40,992. పైన 9,00,72,00,32,84,82,816. వీటి నడిమధ్య బిందువు 9,00,71,99,79,16,11,904. మన సంఖ్య దానికి ఒకటి ఎక్కువ కాబట్టి పైవిలువకే వెళ్లాలి. ఇప్పుడు దీన్ని ముందు డబుల్‌గా మార్చి, తర్వాత ఫ్లోట్‌గా మార్చామనుకోండి. ఈ ఎత్తులో డబుల్‌కు సరి సంఖ్యలకే చోటుంది. చివరనున్న ఆ ఒక్కటీ రాలిపోయి సంఖ్య సరిగ్గా నడిమధ్య బిందువు మీద కూర్చుంటుంది. తర్వాత ఫ్లోట్ దాన్ని 'సరి' వైపుకు, అంటే కిందికి దించుతుంది. జవాబు తప్పు.

డబుల్ మీదుగా వెళ్తే ప్రమాదం లేదన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఉత్తి అపోహ కాదు. 1995లో శామ్యూల్ ఫిగరోవా ఒక విషయం నిరూపించారు. మధ్యలో వాడే రూపంలో కనీసం 2పి + 2 బిట్లుంటే, పి బిట్ల సంఖ్యల కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం విషయంలో రెండుసార్లు రౌండ్ చేసినా ఫలితం మారదు. ఫ్లోట్‌కు 24 బిట్లు కాబట్టి 50 కావాలి, డబుల్‌లో 53 ఉన్నాయి. అందుకే ఫ్లోట్ లెక్కల్ని డబుల్‌లో చేసి దించుకోవచ్చన్న మాట నిజమైంది. కానీ ఆ సిద్ధాంతంలో లెక్కలోకి దిగే సంఖ్యలు ముందే 24 బిట్లలో ఇమిడినవి. 64 బిట్ల పూర్ణాంకం అలాంటిది కాదు. సరైన సిద్ధాంతాన్ని వర్తించని చోట వర్తింపజేయడం వల్లే ఈ తప్పు ఇన్నిసార్లు పుట్టింది.

తప్పెంత, నష్టమెంత

వేగం పక్షాన నిలబడేవారి వాదనను తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. పై ఉదాహరణలో సరైన జవాబుకూ అసలు సంఖ్యకూ దూరం 53,68,70,911. తప్పు జవాబుకు దూరం 53,68,70,913. తేడా రెండంటే రెండు. ఫ్లోట్‌లో పెట్టాలని నిర్ణయించినప్పుడే యాభై మూడు కోట్ల తప్పుకు ఒప్పుకున్నవారు ఇంకో రెండుకు ఎందుకు గింజుకోవాలి? పైగా రెండుసార్లు రౌండ్ చేసినా సంఖ్యల వరస తారుమారు కాదు. చిన్నది పెద్దదాన్ని దాటిపోదు. సీ ప్రమాణం మూల పాఠం కూడా వీరికి అండగా ఉంది. పూర్ణాంకం కచ్చితంగా ఇమడనప్పుడు పైవిలువైనా, కిందివిలువైనా రావచ్చని, ఏది రావాలో కంపైలర్ తయారుచేసేవారే నిర్ణయించి రాసిపెట్టాలని అది చెబుతుంది. సీ99తో వచ్చిన ఎఫ్ అనుబంధం ఐఈఈఈ నియమాన్ని కోరుతుంది కానీ, దాన్ని పాటిస్తున్నామని ప్రకటించిన కంపైలర్లకే ఆ కట్టుబాటు.

ఇంతవరకూ నేనూ ఒప్పుకుంటాను. ఫ్లోట్ విలువ పరిమాణంలో వచ్చే నష్టం వెంట్రుకవాసి. అసలు నష్టం వేరేచోట ఉంది. కంపైలర్ ఒక మార్పిడిని రెండు చోట్ల చేస్తుంది. సంఖ్య ముందే తెలిస్తే కంపైల్ చేసేటప్పుడే తన సొంత అంకగణితంతో లెక్కగడుతుంది. ఎల్ఎల్‌వీఎం కంపైలర్ వ్యవస్థలో దీనికి ఏపీఫ్లోట్ అనే విభాగం ఉంది, జీసీసీ కంపైలర్‌కూ ఇలాంటి సొంత ఏర్పాటే ఉంది. ఇవి సరిగ్గా రౌండ్ చేస్తాయి. సంఖ్య తెలియకపోతే ప్రోగ్రాం నడిచేటప్పుడు మార్పిడి రొటీన్ చేస్తుంది. ఆ రొటీన్ రెండుసార్లు రౌండ్ చేసే రకమైతే, ఒకే ప్రోగ్రాం, ఒకే సంఖ్య, ఒకే యంత్రం, అయినా ఆప్టిమైజేషన్ స్థాయి మార్చగానే జవాబు మారుతుంది. ఇలాంటి తప్పును వెతకడం ఎంత నరకమో అనుభవించినవారికే తెలుసు. డీబగ్ బిల్డ్‌లో కనబడుతుంది, ఆప్టిమైజ్ చేయగానే మాయమవుతుంది. రెండు యంత్రాల మీద నడిచే సిమ్యులేషన్ ప్రతి అడుగులోనూ ఒకే ఫలితం ఇవ్వాలనుకునేవారికి, పాత ఫలితాలతో కొత్త ఫలితాల్ని బిట్ బిట్టుకూ సరిపోల్చే పరీక్షలు నడిపేవారికి చివరి బిట్ తేడా కూడా తేడాయే.

సీ తరవాత వచ్చిన భాషలు ఈ పాఠం నేర్చుకున్నాయి. లాంగ్‌ను ఫ్లోట్‌గా మార్చేటప్పుడు దగ్గరి విలువకే రౌండ్ చేయాలని జావా భాషా నిర్దేశమే చెబుతుంది. రస్ట్‌లో యాజ్ అనే మార్పిడికీ అదే నియమం. వెబ్‌అసెంబ్లీ అయితే 64 బిట్ల పూర్ణాంకాల నుంచి ఫ్లోట్‌కు నేరుగా ఇన్‌స్ట్రక్షన్లే పెట్టి, దగ్గరి విలువకు, సరి వైపుకు అని షరతు రాసేసింది. ఏ బ్రౌజర్ అయినా, ఏ ప్రాసెసర్ అయినా పాటించాల్సిందే. పైథాన్ 2.7 2010లో వచ్చినప్పుడు పెద్ద పూర్ణాంకాల్ని ఫ్లోట్‌గా మార్చే పద్ధతిని సరిగ్గా రౌండ్ అయ్యేలా దిద్దుకుంది. అంటే ఇప్పుడు ఒక కంపైలర్ అడుగు పొరలో ఉన్న రొటీన్ సీ ఇచ్చిన వెసులుబాటును వాడుకుంటే, ఆ పొర మీద కట్టిన రస్ట్, వెబ్‌అసెంబ్లీ అమలుదారులు తమ మాట తప్పినట్టవుతుంది. 'సీ ప్రమాణం ఒప్పుకుంటుంది కదా' అని చేతులు దులుపుకునే రోజులు పోయాయి.

పవర్‌పీసీ కథ

ఈ తగువును అద్దంలా చూపే చోటు పవర్‌పీసీ ప్రాసెసర్ల కుటుంబం. 64 బిట్ల పవర్‌పీసీలో సంజ్ఞ గల పూర్ణాంకాన్ని డబుల్‌గా మార్చే ఇన్‌స్ట్రక్షన్ మొదటి నుంచీ ఉంది. నేరుగా ఫ్లోట్‌గా మార్చేది మాత్రం పవర్7 తరంలో, 2010లో వచ్చింది. అంతకు ముందు ప్రాసెసర్ల మీద డబుల్‌గా మార్చి, ఆపై ఫ్లోట్‌కు దించడమొక్కటే దారి. అంటే కచ్చితంగా రెండు రౌండింగులు. ఎల్ఎల్‌వీఎంలో ఈ చోట కంపైలర్ ఏం చేస్తుందో చూడండి. మార్పిడికి ముందే పూర్ణాంకాన్ని కొంచెం సవరిస్తుంది.

64లో 53 పోతే 11. డబుల్‌గా మారేటప్పుడు రాలిపోయే అవకాశం ఉన్నవి కింది 11 బిట్లు. కంపైలర్ ఆ 11 బిట్లను విడదీస్తుంది, వాటికి 2047 కలుపుతుంది, వచ్చినదాన్ని అసలు సంఖ్యతో ఆర్ చేస్తుంది, చివరికి కింది 11 బిట్లనూ సున్నా చేస్తుంది. నాలుగే మెట్లు. కింది బిట్లన్నీ సున్నాలైతే 2047 కలిపినా పన్నెండో బిట్ దాకా ఏమీ పాకదు, సంఖ్య మారదు. ఒక్క బిట్ ఒకటిగా ఉన్నా, కలిపినప్పుడు పన్నెండో బిట్‌లోకి ఒకటి పాకుతుంది, ఆర్ వల్ల అది అక్కడ అతుక్కుపోతుంది. అంటే రాలిపోబోయే వివరమంతా 'ఇక్కడ ఏదో మిగిలి ఉంది' అన్న ఒకే గుర్తుగా మారి, రాలిపోని చోటికి చేరుతుంది.

మన సంఖ్య మీద నడిపి చూద్దాం. దాని కింది 11 బిట్ల విలువ 1. 2047 కలిపితే 2048. ఆర్ చేసి, కింది బిట్లు తుడిచేస్తే వచ్చేది 9,00,71,99,79,16,13,952. ఇది డబుల్‌లో ఉన్నదున్నట్టు ఇముడుతుంది, కాబట్టి మొదటి మెట్టులో రౌండింగే జరగదు. ఇప్పుడది నడిమధ్య బిందువుకు 2048 ఎక్కువ, కాబట్టి ఫ్లోట్‌గా మారేటప్పుడు పైకే వెళ్తుంది. జవాబు ఒప్పు. రెండు రౌండింగుల్లో ఒకదాన్ని పూర్తిగా తీసేసి, ఒక్కదాన్నే మిగిల్చింది ఈ కిటుకు.

ఇందులో ఒక చిక్కు ఉంది. సంఖ్య 2⁵³ కన్నా చిన్నదైతే ఈ సవరణ చేయకూడదు. చిన్న సంఖ్యల్లో పన్నెండో బిట్ ఫ్లోట్‌కు కావాల్సిన అంకెల్లోనే ఉండవచ్చు. పైగా అక్కడ డబుల్ మార్పిడి ఎలాగూ కచ్చితమే. అందుకని పరిధిని పరీక్షించి, సవరించిన సంఖ్యో అసలు సంఖ్యో ఎంచుకునే మెట్లు మరికొన్ని చేరతాయి. మొత్తం ఎనిమిది, తొమ్మిది చిన్న ఇన్‌స్ట్రక్షన్లు. అన్నీ పూర్ణాంక విభాగంలో నడిచేవే, గుణకారాలు లేవు, మెమరీతో పని లేదు.

ఈ ఖర్చు కూడా వద్దనుకునేవారికి ఎల్ఎల్‌వీఎం ఒక దారి ఉంచింది. కచ్చితత్వం వదులుకోవడానికి ఒప్పుకుంటూ ప్రత్యేక ఆప్షన్ పెడితే సవరణ మెట్లన్నీ వదిలేసి, రెండు రౌండింగులతోనే కానిస్తుంది. జీసీసీ కూడా ఇలాంటి ఏర్పాటే చేసింది. నా దృష్టిలో ఇది ఆదర్శం. ఏమీ అడగనివారికి ఒప్పు జవాబు దక్కుతుంది. వేగం కావాలన్నవారు నోరు తెరిచి అడగాలి. అడిగినట్టు బిల్డ్ ఫైల్లో రాత ఉంటుంది, రేపు చివరి బిట్ తేడా వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

సంజ్ఞ లేని సంఖ్యల బెడద

పవర్‌పీసీ ఈనాడు కొందరికే పరిచయం. ఎక్స్86-64 అందరి బల్లల మీదా ఉంది. దాని ఎస్ఎస్ఈ2 ఇన్‌స్ట్రక్షన్ల సమూహంలో ఉన్న మార్పిడి ఇన్‌స్ట్రక్షన్‌కు సంజ్ఞ గల పూర్ణాంకాలే తెలుసు. సంజ్ఞ లేని 64 బిట్ల సంఖ్యలకు హార్డ్‌వేర్ మద్దతు ఏవీఎక్స్-512 వచ్చేదాకా లేదు. 64 బిట్ల ఆర్మ్, 64 బిట్ల రిస్క్-ఫైవ్ ఈ విషయంలో అదృష్టవంతులు, వాటికి ఆ ఇన్‌స్ట్రక్షన్ మొదటి నుంచీ ఉంది.

ఎవరికైనా ముందుగా తోచేది ఇది: సంజ్ఞ ఉన్నదనుకుని మార్చేసి, రుణసంఖ్య వస్తే 2⁶⁴ కలిపేద్దాం. అక్కడే మోసపోతాం. మార్పిడిలో ఒక రౌండింగ్, కూడికలో మరొకటి. రెండో ఆలోచన సంఖ్యను సగం చేసి, మార్చి, రెట్టింపు చేయడం. దాన్ని అలాగే చేస్తే అదీ తప్పే. 2⁶³ + 1025 తీసుకోండి. సగం చేస్తే చివరి ఒకటి పోయి 2⁶² + 512 మిగులుతుంది. అక్కడ డబుల్ విలువల ఎడం 1024 కాబట్టి అది సరిగ్గా నడిమధ్య. కిందికి దిగి, రెట్టింపై 2⁶³ వస్తుంది. రావాల్సింది 2⁶³ + 2048. జీసీసీ దీన్ని ఒక్క ఆర్‌తో దిద్దుతుంది. సగం చేసేటప్పుడు రాలిన బిట్‌ను తెచ్చి, సగానికి చివర ఆర్ చేస్తుంది. 512 కాస్తా 513 అవుతుంది, మొగ్గు పైకి తిరుగుతుంది. చివరి రెట్టింపు కచ్చితమైనదే కాబట్టి మొత్తానికి రౌండింగ్ ఒక్కటే. సంఖ్య 2⁶³ కన్నా చిన్నదైతే ఇదంతా అక్కర్లేదు, ఒక శాఖ దాటి నేరుగా మార్చేస్తుంది. నిజ జీవితంలో సంఖ్యలు ఎక్కువగా ఆ చిన్న వైపే ఉంటాయి కాబట్టి శాఖను ముందే ఊహించడం ప్రాసెసర్‌కు సులువు. ఇక్కడ కచ్చితత్వానికి అదనంగా అయిన ఖర్చు అరుదుగా నడిచే దారిలో రెండు ఇన్‌స్ట్రక్షన్లు. దీన్ని వేగానికి అడ్డం అని ఎవరూ అనలేరు.

ఎల్ఎల్‌వీఎం మీద నడిచే క్లాంగ్ కంపైలర్ డబుల్ విషయంలో వేరే దారి పట్టింది. అసలు మార్పిడి ఇన్‌స్ట్రక్షనే వాడకుండా బిట్లను సరాసరి డబుల్ ఆకారంలో పేరుస్తుంది. 32 బిట్ల కింది సగాన్ని తెచ్చి, 2⁵² విలువ గల డబుల్ తాలూకు అడుగు బిట్లలో పెడితే, లెక్క ఏమీ చేయకుండానే అది '2⁵² + కింది సగం' అవుతుంది. పై సగాన్ని అలాగే 2⁸⁴ గల డబుల్‌లో పెడతారు. కలిపిన స్థిరాంకాల్ని తీసివేస్తే రెండు భాగాలూ కచ్చితమైన డబుల్స్‌గా మిగులుతాయి. చివరగా వాటిని కూడినప్పుడే ఒకే ఒక్క రౌండింగ్. శాఖలు లేవు, వెక్టర్ రిజిస్టర్లలో పక్కపక్కన నాలుగు సంఖ్యల మీద ఒకేసారి నడపవచ్చు. ఒప్పుగా ఉండి వేగంగానూ ఉన్న ఈ పద్ధతి నాకు ఈ రంగం మొత్తంలో అందమైనదనిపిస్తుంది.

దీనికీ ఒక చిన్న మచ్చ ఉంది. రౌండింగ్ విధానాన్ని ప్రోగ్రామరు కిందివైపుకు మార్చి పెట్టుకుంటే, ఒక సంఖ్యలోంచి అదే సంఖ్య తీసివేసినప్పుడు ఐఈఈఈ నియమం ప్రకారం రుణ సున్నా వస్తుంది. అందువల్ల ఈ పద్ధతిలో పూర్ణాంకం సున్నా కాస్తా రుణ సున్నాగా తేలుతుంది. రావాల్సింది ధన సున్నా. ఈ సంగతి తెలిసే, కచ్చితమైన ఫ్లోటింగ్ పాయింట్ ప్రవర్తన కోరినప్పుడు ఎల్ఎల్‌వీఎం తన సాధారణ విస్తరణలో ఈ కిటుకును వాడటం మానేస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఫాస్ట్-మ్యాథ్ నుంచి వస్తుంది. ఆ ఆప్షన్ కింద కూడికల క్రమాన్ని మార్చుకునే స్వేచ్ఛ కంపైలర్‌కు ఉంటుంది. తీసివేతకు ముందే రెండు సగాల్నీ కూడేస్తే కింది సగమంతా 2⁸⁴ పరిమాణంలో మునిగిపోతుంది. అప్పుడు పోయేది చివరి బిట్ కాదు, ముప్పై రెండు బిట్ల సమాచారం. చేత్తో ఇలాంటి రొటీన్ రాసుకున్నవారు ఆ ఫైలును ఫాస్ట్-మ్యాథ్‌తో కంపైల్ చేయకూడదు.

పాత 32 బిట్ల ఎక్స్86లో కథ ఇంకోలా ఉండేది. ఎక్స్87 విభాగపు 80 బిట్ల రూపంలో అంకెలకు 64 బిట్ల చోటుంది కాబట్టి ఏ 64 బిట్ల పూర్ణాంకమైనా అందులో పూర్తిగా ఇముడుతుంది. అక్కడ 2⁶⁴ కలపడమూ కచ్చితమే, రౌండింగ్ మెమరీలోకి దించేటప్పుడు ఒకేసారి. కాకపోతే ఆ విభాగపు కచ్చితత్వాన్ని 53 బిట్లకు కుదించే అమరిక ఒకటుంది. మైక్రోసాఫ్ట్ రన్‌టైం, 32 బిట్ల ఫ్రీబీఎస్‌డీ దాన్ని 53 దగ్గరే ఉంచేవి. అప్పుడు కూడికలోనే ఒక రౌండింగ్ జరిగిపోయి, ఫ్లోట్‌కు దించేటప్పుడు రెండోది తోడయ్యేది. ఒక వ్యవస్థ మీద ఒప్పయిన రొటీన్ మరోదాని మీద తప్పడానికి ఇలాంటి మౌన ఊహలే కారణం.

ఫ్లోటింగ్ పాయింట్ విభాగమే లేని చిన్న మైక్రోకంట్రోలర్ల మీద మార్పిడి మొత్తం సాఫ్ట్‌వేర్‌దే. ముందున్న సున్నాల్ని లెక్కించి, సంఖ్యను జరిపి, రాలిన బిట్లను ఒక గుర్తుగా కుదించి, రౌండ్ చేసి, ఘాతాంకం అతికిస్తారు. మంచి రొటీన్లు అంకెల భాగాన్నీ ఘాతాంకాన్నీ పూర్ణాంక కూడికతో కలుపుతాయి. రౌండింగ్ వల్ల అంకెలు పొంగి పొర్లితే ఆ ఒకటి తనంతట తానే ఘాతాంకంలోకి పాకుతుంది, ప్రత్యేక శాఖ అక్కర్లేదు. గ్రాఫిక్స్ చిప్‌ల మీదా సూత్రం ఒకటే, ఒక్కసారే రౌండ్ చేయడం. ఏఎండీ చిప్‌ల కోసం ఎల్ఎల్‌వీఎం 64 బిట్ల సంఖ్యను డబుల్ చేసేటప్పుడు రెండు సగాల్నీ విడిగా, కచ్చితంగా మార్చి, చివర ఒక్కసారి కూడుతుంది.

రుజువు చేసినవారు

ఇన్ని కిటుకులు నిజంగా ప్రతి సంఖ్యకూ పనిచేస్తాయని ఎలా తెలుసు? 64 బిట్లలో ఉన్న సంఖ్యలన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించడం జరిగే పని కాదు. ఈ ప్రశ్నకు అత్యుత్తమమైన జవాబు ఫ్రాన్స్ నుంచి వచ్చింది. సిల్వీ బోల్డో, గియోమ్ మెల్కియాన్ 2005 నుంచి 'బేసికి రౌండ్ చేయడం' అన్న పద్ధతి మీద గణిత రుజువులు ప్రచురించారు. సంఖ్య కచ్చితంగా ఇమడకపోతే, మధ్యలోని రూపంలో చివరి బిట్ ఒకటిగా ఉన్న పక్క విలువను ఎంచుకోవాలి. అప్పుడు రెండో రౌండింగ్‌కు మొగ్గు ఎటో ఎప్పుడూ తెలుస్తుంది. మధ్యలోని రూపంలో కనీసం రెండు బిట్లు అదనంగా ఉంటే చాలు. పవర్‌పీసీ సవరణ, జీసీసీ ఆర్ కిటుకు, రెండూ ఈ ఒక్క భావానికి రూపాలే. జేవియర్ లెరోయ్ నాయకత్వంలో తయారైన కాంప్‌సర్ట్ సీ కంపైలర్‌లో ఈ మార్పిడుల్ని కాక్ రుజువు వ్యవస్థలో యంత్రమే సరిచూసేలా నిరూపించారు. బోల్డో, జూర్దాన్, లెరోయ్, మెల్కియాన్ రాసిన ఆ పత్రాలు 2013లో, 2015లో వచ్చాయి. ఒక మూల అమలుదారు చేతి నేర్పుగా పుట్టిన కిటుకు ఇలా సిద్ధాంతమై నిలిచింది. ఈ రంగంలో పనిచేసేవారు ముందు చదవాల్సినవి ఇవే.

వేగం ఎక్కడ దొరుకుతుంది

వేగం కోసం తప్పును ఒప్పుకోమనేవారికి నేను చెప్పేది, వేరేచోట వెతకండి అని. సంఖ్య పరిధి తెలిస్తే కచ్చితత్వమూ వేగమూ ఒకేచోట దొరుకుతాయి. ఎక్స్86-64 మీద సంజ్ఞ లేని 32 బిట్ల సంఖ్యను డబుల్ చేయాలంటే, దాన్ని 64 బిట్ల రిజిస్టర్‌లో పెట్టి సంజ్ఞ గల మార్పిడి వాడితే సరిపోతుంది. కంపైలర్లు ఆ పనే చేస్తాయి, ఖర్చు దాదాపు సున్నా. పై బిట్ ఎప్పుడూ సున్నాయే అని కంపైలర్ గ్రహిస్తే సంజ్ఞ లేని మార్పిడిని సంజ్ఞ గల దానిగా మార్చేస్తుంది. ఇటీవలి ఎల్ఎల్‌వీఎంలో ఈ సమాచారాన్ని మార్పిడి వెంటే మోసుకెళ్లే గుర్తు కూడా చేర్చారు. యాదృచ్ఛిక సంఖ్యల నుంచి సున్నా, ఒకటి మధ్య డబుల్ కావాల్సినవారు 64 బిట్ల సంఖ్యను కుడికి 11 స్థానాలు జరిపి, మార్చి, 2⁻⁵³తో గుణిస్తారు. అందులో ఎక్కడా రౌండింగే లేదు. సంజ్ఞ గల మార్పిడి ఇన్‌స్ట్రక్షన్ రిజిస్టర్ కింది సగాన్నే రాస్తుంది కాబట్టి, పాత విలువ కోసం ప్రాసెసర్ ఊరికే ఎదురుచూడకుండా కంపైలర్లు ముందు ఆ రిజిస్టర్‌ను సున్నా చేస్తాయి. చాలా లూపుల్లో ఇలాంటి జాగ్రత్తలు ఇచ్చే లాభం ముందు రౌండింగ్ సవరణ ఖర్చు లెక్కలోకే రాదు.

ఇదే కథ కొత్త వేషంలో మళ్లీ వస్తోంది. కృత్రిమ మేధ లెక్కల్లో ఎక్కువగా వాడే 16 బిట్ల రూపాలు రెండు. ఐఈఈఈ హాఫ్‌లో అతి పెద్ద విలువ 65,504. అంతకన్నా బాగా పెద్ద పూర్ణాంకాలు ఎలాగూ అనంతానికే వెళ్తాయి, చిన్నవన్నీ ఫ్లోట్‌లో కచ్చితంగా ఇముడుతాయి. కాబట్టి ఫ్లోట్ మీదుగా హాఫ్‌కు వెళ్లడం డీఫాల్ట్ రౌండింగ్‌లో క్షేమమే. బీఫ్లోట్16 అలా కాదు. దాని పరిధి ఫ్లోట్ అంత, అంకెల బిట్లు మాత్రం 8. 1,68,42,753 అనే మామూలు 32 బిట్ల సంఖ్యను నేరుగా మారిస్తే 1,69,08,288 రావాలి. ముందు ఫ్లోట్‌గా మారిస్తే చివరి ఒకటి రాలి సరిగ్గా నడిమధ్య పడుతుంది. అక్కడి నుంచి 1,67,77,216కు దిగుతుంది. పాత తప్పులో ఫలితాల తేడా అంకెల వరసలో ఇంకా వెనక ఉండేది. ఇక్కడ ఫలితంలో మూడో అంకె మారింది.

హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్ లాంటి చిప్ సంస్థల కార్యాలయాల్లో ఎందరో తెలుగు ఇంజినీర్లు పనిచేస్తున్నారు. కొత్త చిప్‌లకు కంపైలర్ వెనకభాగం రాసేవారికి, ఆ బాటలో ఉన్న విద్యార్థులకు నా విన్నపం ఒకటే. మీ మార్పిడి రొటీన్ పరీక్షల్లో ఈ వ్యాసంలోని మూడు సంఖ్యల్నీ చేర్చండి: ఫ్లోట్‌కు 2⁵³ + 2²⁹ + 1, సంజ్ఞ లేని డబుల్ మార్పిడికి 2⁶³ + 1025, బీఫ్లోట్16కు 1,68,42,753. వాటిని వోలటైల్ చలరాశిలోంచి చదివించండి, లేకపోతే కంపైలర్ ముందే లెక్కగట్టేసి మీ రొటీన్‌ను అసలు నడపదు. జవాబు పక్క విలువగా వస్తే, ఖర్చు ఎంతని అడిగేముందు దాన్ని బగ్‌గా నమోదు చేయండి.